పందొమ్మిది రోజులు

"అద్దం ఎత్తండి, తడిసిపోతున్నాను!"

ముందు సీట్లో కూర్చున్న కిరణ్ పాల్ ఉలకలేదు, పలకలేదు. జూలై వాన ఏటవాలుగా ఆఫీసు క్యాబ్‌లోకి కొడుతోంది. గచ్చిబౌలి దగ్గర అరగంటగా ట్రాఫిక్ కదలడం లేదు. వెనక కూర్చున్న అనూష చున్నీతో ముఖం తుడుచుకుని, ముందు సీటు మీద గట్టిగా తట్టింది.

"మిమ్మల్నే!"

అతను వెనక్కి తిరిగాడు. "సారీ అండి. కొంచెం ఓర్చుకోండి. లోపల గాలి ఆడాలి."

"ఏసీ ఉంది కదా?"

"ఏసీలో ఉన్న గాలే తిరుగుతుంది. మీరేమో బయలుదేరినప్పటి నుంచి దగ్గుతున్నారు. ఎన్నాళ్ళయింది?"

"మీరు డాక్టరా?"

"కాదండి, క్వాలిటీ."

పక్కన కూర్చున్న ఇద్దరు అమ్మాయిలు కిసుక్కుమన్నారు. రాయదుర్గంలో బీమా క్లెయిములు పరిశీలించే ఆఫీసు వాళ్ళది. అనూష చేరి ఏడాది. ఆమె చేసిన పనిలో తప్పులు వెతికి ఎర్ర రంగు పెట్టడం కిరణ్ పాల్ ఉద్యోగం.

"తప్పులు క్లెయిముల్లో పట్టండి. మనుషుల్లో కాదు," అంది అనూష.

"దగ్గు తప్పని నేననలేదండి. రెండు వారాలు దాటిందా అని అడిగాను. దాటితే ఒకసారి కఫం పరీక్ష చేయించుకోండి."

నలుగురిలో కఫం అన్న మాట వినగానే ఆమె చెవులు వేడెక్కాయి. కిటికీ వైపు తిరిగి కూర్చుంది. గోపన్‌పల్లిలో దిగేటప్పుడు తలుపు దభాలున వేసి, వెనక్కి చూడకుండా వానలో నడిచింది.

రెండు వారాలేంటి, దగ్గు మొదలై అప్పటికే ఐదు వారాలయింది. రోజూ సాయంత్రం అయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడుతోంది. చుడీదార్లు వదులయ్యాయి. ఆ మాట ఎవరూ అడగకపోతే ఆమె ఇంకో నెల గడిపేసేది. అతను అడిగాడు కాబట్టి కోపం వచ్చింది, కోపంతోపాటు భయం కూడా వచ్చింది. తర్వాతి వారం ఒంటరిగా సర్కారు దవాఖానకు వెళ్ళింది.

టీబీ అని తేలింది.

ఆ మాట వినగానే తల్లి లచ్చమ్మ చేసిన మొదటి పని వీధి తలుపు మూయడం.

"ఎవ్వలకు చెప్పకు బిడ్డా. నేను మూడు ఫ్లాట్లల్ల వంట చేస్తున్న. తెలిస్తే రేపటి సంది ఒక్కరు గడప తొక్కనియ్యరు. ఓనరామె ఇల్లు ఖాళీ చెయ్యమంటది."

"నాయినకు?"

"నాయినకు చెప్తె ఫికర్ చేసుకుంటడు. నువ్వు గోలీలు మింగు, తగ్గుతది."

జనగామ పక్క పల్లె నుంచి పదిహేనేళ్ళ కిందట వచ్చిన కుటుంబం అది. తండ్రి కిష్టయ్య ఒక పెద్ద అపార్ట్‌మెంట్ల సముదాయంలో గేటు దగ్గర సెక్యూరిటీ. ఆ ఇంట్లో డిగ్రీ చదివి మెడలో కంపెనీ ఐడీ కార్డు వేసుకున్న మొదటి మనిషి అనూష. వాళ్ళ వీధిలో ఆమెను చూపించి పిల్లల్ని చదువుకోమనేవారు.

దవాఖానలో మందులిచ్చే స్టెల్లా సిస్టర్ అన్నీ ఓపికగా చెప్పింది. ఆరు నెలలు. ఒక్క రోజు కూడా తప్పకూడదు. మూత్రం ఎర్రగా వస్తుంది, భయపడొద్దు, అది మందు రంగు. కళ్ళు పచ్చబడితే మాత్రం వెంటనే రావాలి. ఈ జబ్బు గాలిలోంచి అంటుతుంది గానీ, కంచంలోంచీ గ్లాసులోంచీ కాదు. మందులు మొదలుపెట్టాక కొన్ని వారాల్లో అంటించే గుణం చాలావరకు పోతుంది. ఇంట్లో వాళ్ళందరికీ పరీక్ష చేయాలి.

"ఇంటి అడ్రసు చెప్పమ్మా."

అనూష ఒక్క క్షణం ఆగి, తమకు ఏ సంబంధమూ లేని వీధి పేరు చెప్పింది.

*

ఆఫీసుకు మూడు వారాలు సెలవు పెట్టి, తిరిగొచ్చిన రెండో రోజు ప్యాంట్రీలో నీళ్ళ సీసా తీస్తుంటే బ్యాగులోంచి మాత్రల స్ట్రిప్ జారి కింద పడింది. ఆమె వంగేలోపే కిరణ్ పాల్ తీశాడు. ఒక్కసారి చూసి, చటుక్కున అరచేతిలో కప్పేసి, ఆమె చేతికిచ్చాడు.

ఆమె మొహం పాలిపోయింది.

"ఎవరికీ చెప్పనండి," అన్నాడు నెమ్మదిగా.

"ఏం మాత్రలో మీకెలా తెలుసు?"

అతను తన గ్లాసులో నీళ్ళు పట్టుకున్నాడు. "పొద్దున ఏదైనా తిన్నాక వేసుకోండి. అప్పటికీ వికారంగా ఉంటే సిస్టర్‌ని అడగండి. మానేయొద్దు, అంతే."

మర్నాటి నుంచి అతని పలకరింపు ఒకటే: "టిఫిన్ అయిందా అండి?"

అయింది అంటే మాత్ర వేసుకున్నట్టు. ఆ సంగతి వాళ్ళిద్దరికే తెలుసు. పక్క సీటు అమ్మాయిలకు మాత్రం వేరే ఏదో తెలిసిపోయింది.

"ఏంటే, రోజూ నీ టిఫిన్ మీద సారుకు అంత శ్రద్ధ?"

"ఆయనకు ఆకలేమో," అంది అనూష. అని, తనకే నవ్వొచ్చి మానిటర్ వెనక్కి తల దించుకుంది. తలెత్తేసరికి రెండు వరసల అవతల నుంచి కిరణ్ పాల్ చూస్తున్నాడు. ఇద్దరూ ఒకేసారి చూపులు తిప్పుకున్నారు. ఆ రోజు ఆమె ఫైలులో ఒక్క ఎర్ర గీత కూడా లేదు. దయతలిచి వదిలేశాడేమోనని ఆమె మళ్ళీ సరిచూసుకుంది. నిజంగానే తప్పుల్లేవు.

రెండు నెలలు నిండాయి. జ్వరం పోయింది, దగ్గు పోయింది, నాలుగు కిలోలు పెరిగింది. అద్దంలో తన బుగ్గలు తనకే ముద్దొచ్చాయి.

"మంచిగైనవ్ కదా," అంది లచ్చమ్మ. "ఇగ ఆ గోలీలెందుకు? ఒంట్ల వేడి చేస్తయి. జనగామ నుంచి మీ అత్త ఫోన్ చేసింది, ఏదో సంబంధం ఉందంట. చూడొచ్చినోళ్ళ కంట గోలీలు పడితే ఎట్ల?"

"ఇంకా నాలుగు నెలలు మింగాలన్నరు అమ్మా."

"దవాఖానోళ్ళు గట్లనే అంటరు."

అనూష ఊగిసలాడుతున్న ఆ రోజుల్లోనే ఆఫీసులో హెచ్ఆర్ ఆమెను పిలిచింది. తలుపు వేసి, గొంతు తగ్గించి అడిగింది. "మీ హెల్త్ ఇష్యూ గురించి తెలిసింది అనూషా. వర్క్ ఫ్రమ్ హోమ్ కావాలా?"

ఎలా తెలిసిందని అడిగే ధైర్యం అనూషకు లేకపోయింది. ఆఫీసులో ఆ సంగతి తెలిసినవాడు ఒక్కడే. బయటికొచ్చేసరికి, షిఫ్టు మారే జనం గోల మధ్య కిరణ్ పాల్ కారిడార్‌లో వెళ్తున్నాడు. ఆమె పరుగున వెళ్ళి అతని ఎడమ పక్కన చేరింది.

"నమ్మినందుకు బాగా బుద్ధి చెప్పారు. ఇకమీద నా టిఫిన్ సంగతి మీరు అడగక్కర్లేదు!"

అతను తిరగలేదు. ఆగలేదు. ఫోన్ చూసుకుంటూ ముందుకు వెళ్ళిపోయాడు.

ముఖం మీద తలుపు వేసినట్టయింది ఆమెకు. ఆ సాయంత్రం, మాత్ర వేసుకున్నావా అని ఫోన్ చేసే స్టెల్లా సిస్టర్ నంబర్ బ్లాక్ చేసింది. మర్నాడు మాత్ర వేసుకోలేదు. ఏమీ కాలేదు. ఆ తర్వాతి రోజూ ఏమీ కాలేదు. కిరణ్ పాల్ పలకరించబోతే హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. రెండు మూడుసార్లు చూసి అతనూ దూరంగా ఉండిపోయాడు.

*

పందొమ్మిదో రోజు లిఫ్టులో దగ్గు వచ్చింది.

ముందు చిన్నగా, తర్వాత ఆగకుండా. రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుంది. కింది అంతస్తులో అందరూ దిగిపోయాక చూసుకుంటే తెల్లటి రుమాలు మీద ఎర్రటి చార.

లిఫ్టు తలుపు ఎదురుగా కిరణ్ పాల్. అతను రుమాలు చూశాడు, ఆమె ముఖం చూశాడు.

"ఎన్ని రోజులైంది మానేసి?"

ఆమె రుమాలు మడిచి గుప్పిట్లో దాచింది.

"అనూష గారూ, ఎన్ని రోజులు?"

"పందొమ్మిది."

"నాతో రండి," అన్నాడు. గొంతులో ఎప్పుడూ లేని కాఠిన్యం. బ్యాగులోంచి మాస్కు తీసి ఇచ్చాడు. ఇద్దరూ రాయదుర్గం మెట్రో మెట్లెక్కి, గాలి బాగా తగిలే చోట ఆగారు. అక్టోబరు చివరి వాన స్టేషన్ పైకప్పు మీద దడదడలాడుతోంది. ఐడీ కార్డులు వేసుకున్న జనం వాళ్ళను రాసుకుంటూ పోతున్నారు.

"నాకు ఇరవై రెండేళ్ళప్పుడు టీబీ వచ్చింది," అన్నాడు కిరణ్ పాల్.

ఆమె తలెత్తింది.

"మూడో నెలలో మానేశాను. ఒంట్లో బాగుంది కదా అని. ఏడు నెలలకు మళ్ళీ వచ్చింది. ఈసారి మామూలు మందులకు లొంగలేదు. రెండేళ్ళు మింగాను. మొదటి ఆరు నెలలు రోజూ ఇంజెక్షను. ఇప్పుడు అవి ఇవ్వడం లేదు లెండి, అప్పట్లో వేరే దారి లేదు. వాటితో ఎడమ చెవి పోయింది."

"పోయిందా?"

"అస్సలు వినపడదు. జనం గోల ఉంటే కుడి చెవి కూడా అంతంతమాత్రమే."

అనూషకు కారిడార్ గుర్తొచ్చింది. క్యాబ్ కూడా గుర్తొచ్చింది.

"ఆ రోజు మిమ్మల్ని తిట్టాను," అంది.

"ఎప్పుడు?"

"హెచ్ఆర్ దగ్గర్నుంచి వచ్చాక. మీ ఎడమ పక్కన నడుస్తూ."

"గట్టిగానా?"

"చాలా గట్టిగా."

"అయ్యో. కుడివైపు రావాల్సిందండి, కష్టం వృథా అయింది." అతను నవ్వబోయి ఆగిపోయాడు. "ఎందుకు తిట్టారు?"

చెప్పింది. అతను కాసేపు ఆలోచించాడు. "సెలవు కోసం మెడికల్ సర్టిఫికెట్ అప్‌లోడ్ చేశారు కదా. మూడు నెలలకోసారి హెచ్ఆర్ వాటిని తనిఖీ చేస్తుంది. దాని కింద స్టాంపు మీద ఏముంది?"

ఆమె ఫోన్‌లో తెరిచి చూసింది. నీలం రంగు స్టాంపులో క్షయ విభాగం అని స్పష్టంగా ఉంది. పంపింది తనే. మెట్టు మీద కూర్చుండిపోయింది.

"నాకు గూడ అట్ల అయితదా?" అని అడిగింది. ఆఫీసు భాష మరిచిపోయింది. "మందులు పనిచెయ్యకుంట అయితదా?"

"తెలీదు. అబద్ధం చెప్పి ఓదార్చలేను. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది." ఆమె ఎడమవైపుకు వచ్చి, తన కుడి చెవి ఆమె వైపు ఉండేలా ఒక మెట్టు కింద కూర్చున్నాడు. "కానీ ఇరవయ్యో రోజు రాకూడదు అనూషా. ఇప్పుడే ఫోన్ చెయ్యి."

మొదటిసారి అతను 'గారు' అనలేదు. ఆమె అది గమనించింది, గమనించినట్టు కనపడనివ్వలేదు. స్టెల్లా నంబర్ బ్లాక్ తీసి నొక్కింది.

"సిస్టర్, నేను అనూషని. మందులు మానేసిన. ఇంకోటి... నేనిచ్చిన అడ్రసు తప్పు."

అవతల రిజిస్టరు పేజీ తిప్పిన చప్పుడు.

"తెలుసమ్మా. ఆ వీధిల మూడుసార్లు తిరిగిన. సరైంది చెప్పు, రాసుకుంటా."

*

మర్నాడు పొద్దున అనూష కఫం ఇచ్చి వచ్చింది. పదకొండింటికి స్టెల్లా ఇంటికొచ్చింది. లచ్చమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మెల్లగ మాట్లాడు సిస్టరమ్మా. ఓనరామె పైననే ఉన్నది."

"మెల్లగనే మాట్లాడుత అక్కా. లోపలికి రానియ్యి."

అప్పుడే లోపలి గదిలోంచి దగ్గు వినిపించింది. నైట్ డ్యూటీ చేసి పడుకున్న కిష్టయ్య దగ్గు. స్టెల్లా మాట ఆపి అటు చూసింది. అనూష కూడా అటు తిరిగింది. ఆ దగ్గు ఇంట్లో ఎన్నాళ్ళుగానో వినిపిస్తోంది. తన గొడవలో పడి తను వినలేదు.

"ఎన్ని రోజుల సంది దగ్గుతున్నవ్ అన్నా?"

కిష్టయ్య లుంగీ సర్దుకుంటూ వచ్చాడు. "గేటు కాడ దుమ్ము సిస్టరమ్మా. నెల దాటింది. ఏంది, ఏమైంది?"

ఎవ్వరూ చెప్పకపోతే అనూషే చెప్పింది. తండ్రి ముఖంలోకి చూడలేక అతని పాదాలను చూస్తూ, మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. తప్పుడు అడ్రసు సంగతి కూడా.

"మొదట్నే అడ్రసు సరిగ చెప్పి ఉంటే నిన్ను అప్పుడే చూసేటోళ్ళు నాయినా," అంటూ ఏడ్చేసింది.

లచ్చమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. "దానిదేం లేదు. నేనే చెప్పొద్దన్న. నేనే మానెయ్యమన్న."

కిష్టయ్య గోడకున్న చొక్కా అందుకున్నాడు. "పా సిస్టరమ్మా. ఏడ ఉమ్మాల్నో చూపియ్యి. ఇగ ఈ ఇంట్ల దాచుడు బంద్."

ఫలితాల కోసం ఎదురుచూసిన ఆ నాలుగు రోజులు ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. అనూష సెలవు పెట్టి కిటికీ పక్కన మంచం వేసుకుంది. రోజూ సాయంత్రం కిరణ్ పాల్ ఫోన్ చేసేవాడు. చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. కూకట్‌పల్లి మెట్రో స్టేషన్లో రద్దీ గురించి చెప్పేవాడు, క్లెయిముల్లో ఎవరో చేసిన వింత తప్పు చెప్పేవాడు. ఫోన్ పెట్టేశాక ఆమెకు ఊపిరి కాస్త సులువుగా ఆడేది.

అయిదో రోజు డాక్టరు కాగితం చూసి తల ఊపింది. "నీ అదృష్టం. మందులకు లొంగే రకమే. పోయిన డోసులన్నీ కలుపుకుని పూర్తి చెయ్యాలి. ఇంకోసారి మానేస్తే ఈ మాట చెప్పలేను."

కిష్టయ్యకు టీబీ ఉంది. అదీ లొంగే రకమే. లచ్చమ్మకు లేదు. రాకుండా ఉండటానికి ఆమెకూ మాత్రలిచ్చారు.

లచ్చమ్మ మూడు ఫ్లాట్లలోనూ తనే చెప్పింది. ఒకామె ఇక రావద్దంది. ఇంకొకామె వారం ఆలోచించి రమ్మంది. మూడో ఇంట్లో ఒక ముసలాయన, "నీకు లేదని కాగితం ఉంది కదా, ఇంకేంటి? పప్పులో ఉప్పు మాత్రం తగ్గించు," అన్నాడు.

నవంబరులో ఒక ఆదివారం కిరణ్ పాల్ బైకు మీద గోపన్‌పల్లి వచ్చాడు. చేతిలో ముప్పై గుడ్ల అట్ట. గుంతల్లో పడి లేచి వచ్చేసరికి నాలుగు పగిలి ప్యాంటు నిండా సొన.

"ఎవల పిలగానివి నువ్వు?" అంది లచ్చమ్మ.

"అనూష ఆఫీసండి. క్వాలిటీ."

"గుడ్లు చూస్తె తెలుస్తది నీ క్వాలిటీ," అన్నాడు కిష్టయ్య లోపలి నుంచి. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో నలుగురూ నవ్వారు.

*

మార్చి రెండో వారంలో అనూష చివరి మాత్ర మింగింది. చివరి పరీక్షలో ఏమీ లేదని స్టెల్లా ఫోన్ చేసిన సాయంత్రం, ఆఫీసు కింద టీ బండి దగ్గర ఆమే ముందు చెప్పింది.

"నాకు మీరంటే ఇష్టం. జాలి చూపించారని కాదు. చూపించలేదు కాబట్టి."

కిరణ్ పాల్ టీ గ్లాసు పక్కన పెట్టాడు. "నేను క్యాబ్‌లోనే పడిపోయాను. నువ్వు తలుపు వేసిన చప్పుడు కుడి చెవికి బాగానే వినపడింది." ఆ వెంటనే అతని ముఖం దిగులుగా మారింది. "కానీ మా అమ్మ ఒప్పుకోదు."

"మేం చర్చికి పోమనా?"

"అందుకు కాదు. నీకు టీబీ వచ్చిందని."

నమ్మలేనట్టు చూసింది అనూష. "మీకు కూడా వచ్చింది కదా?"

"అందుకే."

కేపీహెచ్‌బీ కాలనీలో రెండో అంతస్తు ఇల్లు. ఆ శనివారం కిరణ్ పాల్ అనూషను అక్కడికి తీసుకెళ్ళాడు. అతని తల్లి ఎలిజబెత్ రిటైరైన టీచరు. నెరసిన జుట్టు గట్టిగా ముడివేసుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుంది. మర్యాదకు లోటు చేయలేదు. కాఫీ ఇచ్చింది, అమ్మానాన్నల క్షేమం అడిగింది. తర్వాత సూటిగా విషయానికొచ్చింది.

"నువ్వు మంచి పిల్లవే అమ్మా. కానీ రెండేళ్ళు నేను కంటి నిండా నిద్రపోలేదు. ఆ జబ్బు పేరు మళ్ళీ నా ఇంట్లో వినపడకూడదు. నన్ను అర్థం చేసుకో."

"అమ్మా, తనకు తగ్గిపోయింది," అన్నాడు కిరణ్ పాల్.

"నీకూ తగ్గిందనే అనుకున్నాం."

అనూష కాఫీ కప్పు కింద పెట్టింది.

"మీకు ఇంకోటి కూడా చెప్పాలండి. నేను మధ్యలో పందొమ్మిది రోజులు మానేశాను. ఇంట్లో దాచాను, దవాఖానలో తప్పు అడ్రసు ఇచ్చాను. నేను దాచడం వల్లే మా నాన్న నెల రోజులు పరీక్ష లేకుండా తిరిగాడు. చెప్పకపోయినా మీకు తెలిసేది కాదు. కానీ దాచి ఈ ఇంట్లోకి రాలేను."

ఎలిజబెత్ కనుబొమలు ముడిపడ్డాయి. "మరి మళ్ళీ ఎలా మొదలుపెట్టావు?"

"మీ అబ్బాయి తన సంగతి చెప్పారు. చెవి ఎలా పోయిందో కూడా. అది విన్నాకే."

"వాడు చెప్పాడా?"

"అవునండి. రాయదుర్గం మెట్రో మెట్ల మీద. చుట్టూ జనం ఉన్నారు."

ఎలిజబెత్ కొడుకు వైపు తిరిగింది.

"చుట్టాలందరికీ వీడు బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నాడని చెప్పాను," అంది, అనూషతోనే చెబుతున్నా కొడుకును చూస్తూ. "ఇంజెక్షన్లకు వెళ్ళడం తప్ప రెండేళ్ళూ ఆ గదిలోనే ఉన్నాడు. పాస్టరు గారొచ్చినా తలుపు తీయనిచ్చేదాన్ని కాదు. భోజనం గుమ్మం దగ్గర పెట్టి వచ్చేదాన్ని. తగ్గాక కూడా వాడు ఒక్క మాట మాట్లాడలేదు దాని గురించి. నాతో కూడా. నేనే వాడి నోరు నొక్కేశానని తెలుసు నాకు. మళ్ళీ ఎలా తెరిపించాలో తెలీలేదు." కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. "నిజంగా చెప్పావా నాన్నా? నీ నోటితో?"

కిరణ్ పాల్ లేచి వెళ్ళి తల్లి కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. "చెప్పానమ్మా. ఏమీ కాలేదు. జనం వాళ్ళ దారిన వాళ్ళు పోయారు."

ఆమె కొడుకు తల మీద చెయ్యి వేసి నిమిరింది. అనూష కదలకుండా కూర్చుంది. వెళ్ళిపోవాలో, ఉండాలో తెలియలేదు.

చివరికి ఎలిజబెత్ కళ్ళజోడు పెట్టుకుంది. గొంతు మళ్ళీ టీచరమ్మ గొంతయింది.

"మీ నాన్నగారి మందులు ఎప్పటికి అవుతాయి?"

"మే మొదటి వారానికండి."

"ఒక్కటీ తప్పడం లేదు కదా?"

"లేదండి. అమ్మ పక్కన నిలబడి మింగిస్తోంది."

"అవి పూర్తయ్యాక పెళ్ళి మాట. ఈలోపు ఆదివారం వాళ్ళిద్దర్నీ భోజనానికి తీసుకురా. ఇంట్లో అన్ని కిటికీలూ తెరిచే ఉంటాయి." లేచి వంటింటి వైపు నడిచింది. "నువ్వూ తినే వెళ్ళాలి ఇవాళ. రొయ్యలు తింటావా?"

"మేలో ఎండలు మండిపోతాయేమోనమ్మా," అన్నాడు కిరణ్ పాల్ నేల మీదనుంచే. "ఏప్రిల్ అయితే..."

"నోరు తెరిచావు కదాని మరీ వాగకు," అంది వంటింట్లోంచి ఎలిజబెత్. "లేచి కంచాలు పెట్టు."